చెమట పట్టే అద్దం: మాయాబందర్‌లో వైన్ కూలర్ ఎంపిక

అనంతపురంలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ కాస్తున్నా మట్టికుండలో నీళ్లు చల్లగానే ఉంటాయి. అక్కడ గాలిలో తేమ 20 శాతం ఉందనుకుంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 24 డిగ్రీలు చూపిస్తుంది. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్లను ఆ 24 వైపు లాక్కెళ్తుంది. అదే కుండను అండమాన్‌లోని మాయాబందర్‌లో 31 డిగ్రీల ఉక్కలో, 80 శాతం తేమలో పెట్టి చూడండి. తడిగుడ్డ థర్మామీటరు 28 దగ్గరే ఆగిపోతుంది. అనంతపురం కంటే ఇక్కడ ఎండ 11 డిగ్రీలు తక్కువ, కుండలో నీళ్లు మాత్రం 4 డిగ్రీలు ఎక్కువ. కుండలో లోపమేమీ లేదు. చుట్టూ ఉన్న గాలి వేరు, అంతే.

చల్లబరిచే ఏ సాధనాన్నైనా ఇలాగే చుట్టూ ఉన్న గాలితో కలిపి చూడాలి. ఇప్పుడు ఆన్‌లైన్ అంగళ్లలో ‘వైన్ కూలర్’ పేరుతో దొరికే చిన్న అల్మారాల విషయంలో మాత్రం ఈ మాట ఎవరూ ఎత్తరు. ముందు నల్లని అద్దం తలుపు, లోపల నీలి దీపం, తలుపు మీద ‘12’ అని మెరిసే అంకె. విశాఖలోనో చెన్నైలోనో షోరూములో చూస్తే అది నిజంగానే 12 చూపిస్తుంది. ఆ షోరూములో ఏసీ నడుస్తోంది, గది 24 డిగ్రీల్లో ఉంది, ఏసీ గాలిలోని తేమను కూడా లాగేసింది. అదే పెట్టె ఓడెక్కి, ఆపైన అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ప్రయాణించి, మాయాబందర్‌లో ఒక ఇంటి వంటగదికి చేరేసరికి దాని కథ మారిపోతుంది.

మాయాబందర్‌నే ఎందుకు తీసుకున్నానంటే, ఇలాంటి పెట్టెకు ఇంతకంటే కఠినమైన పరీక్షా కేంద్రం మన దేశంలో వెతికినా దొరకడం కష్టం. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు ఇది కేంద్రం. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద దాదాపు 240 కిలోమీటర్లు. అడుగు బయటపెడితే సముద్రం. గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువే, వానాకాలంలో 85 శాతం దాటడం మామూలు. ఇంకో కారణం, తెలుగువాళ్లకు ఈ దీవులు పరాయివి కావు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వాళ్లలో ఎన్నో కుటుంబాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడినవే.

ఒక మాట ముందే. ఇది వైన్ తాగమని చెప్పే వ్యాసం కాదు. మద్యం ఏ మోతాదులోనూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేటతెల్లంగా చెప్పింది. అయితే ఈ పెట్టెలను కొనేవాళ్లందరూ వైన్ కోసమే కొనడం లేదు. చాక్లెట్లకు, సెంట్లకు, ముఖానికి రాసుకునే క్రీములకు కొంటున్నారు. ‘మందులకు కూడా పనికొస్తుంది’ అనే ప్రకటన చూసి ఇన్సులిన్ దాచడానికి కొంటున్నవాళ్లూ ఉన్నారు. నన్ను కంగారుపెట్టేది ఈ చివరి వాడకమే. దాని సంగతి తరవాత చెబుతాను.

వైన్‌కు కావలసింది ఏమిటి? 12, 13 డిగ్రీల చుట్టూ నిలకడగా ఉండే చల్లదనం, చీకటి, కదలిక లేకపోవడం. సీసాలో జరిగే రసాయన చర్యలు ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపు వేగం అందుకుంటాయన్నది రసాయన శాస్త్రంలో ఒక మోటు సూత్రం. ఆ లెక్కన 30 డిగ్రీల గదిలోని సీసా 13 డిగ్రీల్లోని సీసా కంటే మూడు రెట్లకు పైగా వేగంగా ముదిరిపోతుంది. ముదరడం అంటే మెరుగవడం కాదు. ఉడికిన పండు వాసన వస్తుంది, రంగు గోధుమలోకి తిరుగుతుంది. అయినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన దేశంలో ఇళ్లకు కొనే వైన్‌లో అధిక భాగం కొన్న కొద్ది వారాల్లో అయిపోయేదే. నెలకు రెండు సీసాలు కొనే ఇంటికి ప్రత్యేకమైన పెట్టె దేనికి? ఇంట్లో ఉన్న ఫ్రిజ్ చాలు, తాగే ముందు అరగంట బయట పెడితే సరి. సీసాలను ఏళ్ల తరబడి దాచేవాళ్లు, అతిథులకు గదులిచ్చేవాళ్లు మాత్రమే ఈ ఖర్చు గురించి ఆలోచించాలి.

ఆలోచిస్తే మొదట తేల్చుకోవలసింది లోపలి యంత్రం ఏ రకమన్నది. ఇవి మూడు రకాలు. హోటల్ గదుల మినీబార్లలో కనిపించే అమ్మోనియా శోషణ రకం చప్పుడు చేయదు, కరెంటు మాత్రం బాగా తాగుతుంది. దాన్ని పక్కన పెడదాం. ఇళ్లకు అమ్మేవాటిలో చౌకవి పెల్టియర్ రకం, ఖరీదైనవి కంప్రెసర్ రకం.

రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా కరెంటు పంపితే ఒక వైపు చల్లబడి మరో వైపు వేడెక్కుతుందని 1834లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ పెల్టియర్ గమనించాడు. ఇప్పుడు లోహాల బదులు బిస్మత్ టెల్యురైడ్ అనే అర్ధవాహకాన్ని వాడుతున్నారు. అగ్గిపెట్టె కంటే పలుచని ఒక బిళ్ల, దానికి ఇటూ అటూ అల్యూమినియం రెక్కలు, ఒక చిన్న ఫ్యాను. వాయువు లేదు, మోటారు లేదు, అదురు లేదు. చదవడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. చిక్కల్లా ఎక్కడంటే, ఆ బిళ్ల వేడిని తోడిపోయడానికి తాను తీసుకున్న కరెంటు కూడా చివరికి వేడిగానే మారి, అదే వెనుక రెక్కల్లోకి చేరుతుంది. చల్లని వైపుకూ వేడి వైపుకూ ఎడం పెరిగేకొద్దీ తోడే శక్తి తరిగిపోతుంది. అందుకే ఈ రకం పెట్టెలు గది ఉష్ణోగ్రత కంటే 15 నుంచి 20 డిగ్రీలు దిగువకు మించి పోలేవు. కొందరు తయారీదారులు ఆ మాట సూచనల పుస్తకంలో చిన్న అక్షరాల్లో రాస్తారు కూడా. పారిస్‌లో 22 డిగ్రీల గదిలో 12కి దిగడం దీనికి నల్లేరు మీద బండి నడక. మాయాబందర్‌లో పొయ్యి వెలిగిన 33 డిగ్రీల వంటగదిలో లోపలి గాలి 15 దగ్గరో 17 దగ్గరో చతికిలబడుతుంది. తలుపు మీద 12 అనే అంకె వెలుగుతూనే ఉంటుంది. చాలా పెట్టెల్లో అది మనం కోరిన ఉష్ణోగ్రత మాత్రమే, లోపల ఉన్నది కాదు.

గమ్యం చేరని యంత్రానికి ఆగే అవకాశం లేదు. కంప్రెసర్ అయితే కోరిన చల్లదనం రాగానే ఆగి విశ్రాంతి తీసుకుంటుంది. పెల్టియర్ బిళ్ల రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. ఒక మోటు లెక్క వేద్దాం. పన్నెండు సీసాలు పట్టే పెట్టె. లోపల 12, బయట 30 డిగ్రీలు. గోడల గుండా, తలుపు గుండా లోపలికి చొరబడే వేడి సుమారు 17 వాట్లు. ఆ వేడిని తోడటానికి పెల్టియర్‌కు 60 వాట్ల దాకా కావాలి. చిన్న కంప్రెసర్‌కు సగటున 15 నుంచి 20 వాట్లు చాలు. ఏడాదికి చూస్తే మొదటిది 525 యూనిట్లు, రెండోది 150 యూనిట్ల చుట్టుపక్కల.

హైదరాబాద్‌లో అయితే ఈ తేడా కరెంటు బిల్లులో ఒక పద్దు. మాయాబందర్‌లో దీనికి ఇంకో అర్థం ఉంది. అండమాన్ దీవులకు దేశ విద్యుత్ గ్రిడ్‌తో తీగ లేదు. ఏ దీవి కరెంటు ఆ దీవిదే, అందులో సింహభాగం డీజిల్ జనరేటర్లది. ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గర 5.25 మెగావాట్ల కల్‌పాంగ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది కాబట్టి ఈ జిల్లాకు కొంత ఊరట. మిగతాది ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో వచ్చిన డీజిలే. లీటరు డీజిల్‌కు మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు పుడతాయనుకుంటే, ఆ పెల్టియర్ పెట్టె వాడే కరెంటు ఏడాదికి 140 లీటర్ల డీజిల్‌తో సమానం. కంప్రెసర్ పెట్టెది 40 లీటర్లు. వంద లీటర్ల డీజిల్ సముద్రం దాటి వచ్చి, అరడజను సీసాల పక్కన వేడిగా మారి గాలిలో కలిసిపోతోందన్నమాట. పైగా ఆ డీజిల్ ఖర్చులో వినియోగదారు కట్టేది కొంతే, మిగతాది ప్రభుత్వ ఖజానా మోస్తుంది. చప్పుడు లేదన్న ఒక్క సుగుణం కోసం ఇంత మూల్యం సమంజసమని నేను అనుకోను.

ఇక అద్దం తలుపు. వైన్ కూలర్ అందమంతా అందులోనే ఉంది, మాయాబందర్‌లో దాని బలహీనతా అదే.

గాలి ఒక పరిమితి వరకే నీటి ఆవిరిని మోయగలదు. చల్లబడేకొద్దీ ఆ పరిమితి తగ్గుతుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఆవిరి నీటి చుక్కలుగా దిగడం మొదలవుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. 30 డిగ్రీల గాలిలో 85 శాతం తేమ ఉంటే డ్యూ పాయింట్ 27 డిగ్రీల పైమాటే. అంటే ఆ గదిలో 27 కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు పడుతుంది. చల్లటి మజ్జిగ గ్లాసు మీద పట్టే చెమట అదే. పెట్టెలో 12 డిగ్రీలు ఉంటే, మామూలు రెండు పొరల అద్దం బయటి ముఖం దాదాపు 24 దగ్గర ఉంటుంది. మూడు పొరల అద్దమైనా 26 దాటదు. రెండూ డ్యూ పాయింట్‌కు దిగువనే. అద్దం మసకబారుతుంది, చుక్కలు కడతాయి, జారి కింద చట్రంలోకి దిగుతాయి. రబ్బరు అంచు మీద నల్లని బూజు పడుతుంది. అల్మారాను చెక్క అరల మధ్య బిగించి ఉంటే ఆ చెక్క ఉబ్బుతుంది. ఖరీదైన కొన్ని పెట్టెల్లో దీనికి మందుగా అద్దంలో సన్నని హీటరు పెడతారు. లోపల చల్లబరచడానికి ఒక కరెంటు, తలుపును వెచ్చబరచడానికి ఇంకో కరెంటు. తెలివిగా ఉందా?

అదే మూడు సెంటీమీటర్ల ఫోమ్ నింపిన మామూలు తలుపైతే బయటి ముఖం 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. డ్యూ పాయింట్‌కు ఒక డిగ్రీ పైన. పొడిగా ఉంటుంది. నాలుగు డిగ్రీల తేడా చూడటానికి చిన్నదే, మధ్యలో ఒక గీత ఉంది మరి. వేడి చొరబాటు లెక్కలోనూ అద్దానిదే పాపం. పెట్టె మొత్తం ఉపరితలంలో తలుపు వంతు ఆరో భాగమే, లోపలికి వచ్చే వేడిలో మాత్రం 40 శాతానికి పైగా దాని గుండానే. వీటన్నిటి మీద, వైన్‌కు కావలసింది చీకటి. వెలుతురు తగలకూడని పదార్థాన్ని అద్దం వెనుక దీపం పెట్టి చూపించడం అంగడికి మంచిదేమో, సీసాకు కాదు.

తలుపు తీసినప్పుడు జరిగేది కూడా పొడి ఊళ్లవాళ్లకు తెలియని తంతే. 30 డిగ్రీల, 85 శాతం తేమగాలి ఘనమీటరుకు సుమారు 26 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. 12 డిగ్రీల గాలి 11 గ్రాములకు మించి మోయలేదు. 50 లీటర్ల గాలి మారిపోయేలా ఒకసారి తలుపు తీస్తే ముప్పాతిక గ్రాము నీరు లోపల చుక్కలుగా మారుతుంది. ఆ ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడి, గాలిని చల్లబరచడానికి తీయవలసిన వేడికి ఒకటిన్నర రెట్ల పైమాటే. మాయాబందర్‌లో కూలర్ చేసే పనిలో పెద్ద వాటా గాలిని పిండడమే.

మరి ఏది కొనాలి? నన్ను అడిగితే, మాయాబందర్‌లో మంచి వైన్ కూలర్ అంటే వైన్ కూలర్ కాదు. మామూలు సింగిల్ డోర్ ఫ్రిజ్, దానికి బయటి నుంచి తగిలించిన డిజిటల్ థర్మోస్టాట్. ఈ థర్మోస్టాట్ గోడ ప్లగ్గుకూ ఫ్రిజ్ ప్లగ్గుకూ మధ్య కూర్చుంటుంది. దాని సెన్సర్ తీగను తలుపు రబ్బరు పక్కనుంచి లోపలికి పంపి, నీళ్ల సీసాకు టేపుతో అంటించాలి. లోపల 13 దాటితే ఫ్రిజ్‌కు కరెంటు ఇస్తుంది, 11కు దిగితే ఆపేస్తుంది. ఫ్రిజ్‌కు మందమైన ఫోమ్ ఉంది, మూసిన తలుపు ఉంది, కంప్రెసర్ ఉంది, విద్యుత్ వాడకం చెప్పే స్టార్ లేబుల్ ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, చెడిపోతే బాగుచేసే మెకానిక్ దొరుకుతాడు. పెల్టియర్ పెట్టెలో ఎలక్ట్రానిక్ పలక పోతే దాన్ని మళ్లీ ఓడెక్కించి పంపడమా, మూలన పడేయడమా అన్న రెండు దారులే మిగులుతాయి.

ఈ ఏర్పాటుకు కొన్ని షరతులున్నాయి. ఆగిన కంప్రెసర్ మళ్లీ మొదలవడానికి మధ్య కనీసం మూడు నుంచి ఐదు నిమిషాల విరామం ఉండాలి, థర్మోస్టాట్‌లో ఆ ఆలస్యాన్ని పెట్టే వీలు ఉండాలి. ఇన్వర్టర్ కంప్రెసర్, ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న ఫ్రిజ్‌లకు, ఫ్రాస్ట్ ఫ్రీ రకాలకు ఇలా మధ్యలో కరెంటు తెంచడం పడదు. మనిషి చేత్తో తిప్పే మరతో నడిచే పాత తరహా డైరెక్ట్ కూల్ ఫ్రిజ్ కావాలి. 12 డిగ్రీలకు పెట్టాక ఐసు గడ్డకట్టదు, కాబట్టి కూరగాయలకూ పాలకూ వేరే ఫ్రిజ్ ఉన్న ఇంటికే ఇది పనికొస్తుంది. వారంటీ షరతులు కొనేముందే చదువుకోవాలి. అందంగా ఉండదన్న మాట నిజమే. అందం కావాలనుకునేవాళ్లు కంప్రెసర్ ఉన్న వైన్ కూలరే కొనుక్కోవచ్చు, దాని వెనుక పలక మీద వాతావరణ తరగతిని సూచించే అక్షరం చూసుకుంటే చాలు. అంతర్జాతీయ ప్రమాణాల్లో ‘ఎన్’ అంటే గది 16 నుంచి 32 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పనిచేసేలా తయారైనది. ‘ఎస్‌టీ’ అయితే 38 దాకా, ‘టీ’ అయితే 43 దాకా. మాయాబందర్ వంటగదికి ‘ఎన్’ చాలదు.

ఇప్పుడు ఇన్సులిన్ సంగతి. తెరవని ఇన్సులిన్ సీసాలను, పెన్ను కాట్రిడ్జ్‌లను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. వాడకం మొదలుపెట్టిన దాన్ని మందు రకాన్ని బట్టి 25 లేదా 30 డిగ్రీల లోపు, సాధారణంగా నాలుగు వారాల దాకా బయట ఉంచవచ్చని దాని కాగితం మీదే రాసి ఉంటుంది. వైన్ కూలర్ చేరాలనుకునే గమ్యమే 12. పెల్టియర్ రకమైతే మాయాబందర్ మధ్యాహ్నం అదీ చేరదు. అందులో మూడు నెలల ఇన్సులిన్ దాచుకున్న మనిషికి మందు పాడైందని చెప్పే గుర్తు ఏదీ కనబడకపోవచ్చు. రంగు మారదు, వాసన రాదు. రక్తంలో చక్కెర మాత్రం అదుపు తప్పుతుంది, మోతాదు పెంచడం మొదలవుతుంది. ప్రత్యేక వైద్యుడి కోసం పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్లవలసిన చోట ఇది చిన్న విషయం కాదు. తలుపు మీద మందుసీసా బొమ్మ వేసి ఇలాంటి పెట్టెలను అమ్మడాన్ని ఆపాలి. మందులకు మామూలు ఫ్రిజ్ మధ్య అరే సరైన చోటు. ఫ్రీజరు పక్కన వద్దు, తలుపు అరల్లో వద్దు, పక్కన ఒక చిన్న థర్మామీటరు ఉండాలి.

మన టీకాల వ్యవస్థ ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. టీకా ఫ్రిజ్‌లను ఆమోదించేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ, వేడి ప్రాంతాల కోసమైతే వాటిని 43 డిగ్రీల గదిలో పెట్టి పరీక్షిస్తుంది. కరెంటు పోయాక లోపలి చల్లదనం ఎన్ని గంటలు నిలుస్తుందో కూడా కొలుస్తుంది. మన ఆరోగ్య కేంద్రాల్లో ఉండే, గోడల్లో ఐసు పొర ఉన్న ఫ్రిజ్‌లు ఆ ఆలోచన నుంచి వచ్చినవే. ఇంటికి కొనుక్కునే పెట్టె మీద అంత కట్టుదిట్టం అక్కర్లేదు. ఒక్క వాక్యం చాలు: ‘గది 32 డిగ్రీల్లో, తేమ 80 శాతంలో ఉన్నప్పుడు లోపల వచ్చే ఉష్ణోగ్రత ఇంత, రోజుకు ఖర్చయ్యే కరెంటు ఇంత.’ ఈ వాక్యాన్ని తలుపు మీద, కొనేవాళ్లకు అర్థమయ్యే భాషల్లో తప్పనిసరి చేయాలన్నది నా కోరిక. తయారీదారుకు ఇది ఒక రోజు పరీక్ష. ఈ అంకె లేనప్పుడు ఆ పరీక్షను కొన్నవాడు తన డబ్బుతో, తన మందుతో చేస్తున్నాడు.

ఏది కొన్నా, బిగించే విషయంలో కొన్ని జాగ్రత్తలు దీవులకు ప్రత్యేకం. ఓడ, లారీ, మధ్యలో రేవు దాటింపు, ఇంతదూరం వచ్చిన పెట్టెను ఎక్కడో ఒకచోట పడుకోబెట్టే ఉంటారు. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పారుతుంది. నిలబెట్టి ఒక రాత్రంతా వదిలేసి మర్నాడు ప్లగ్గు పెట్టాలి. వెనుక, పక్కల పది సెంటీమీటర్ల ఖాళీ ఉంచాలి. లోపలి నుంచి తీసిన వేడితో పాటు, తీయడానికి ఖర్చయిన కరెంటు కూడా వేడిగా అక్కడే బయటికి రావాలి. దారి లేకపోతే యంత్రం తన వేడిని తానే మళ్లీ పీల్చుకుంటుంది. అరల మధ్య బిగించాలనుకుంటే ముందు వైపు నుంచి గాలి వదిలే రకమే కొనాలి. సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టకూడదు, ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు తెల్లని పొడిగా రాలిపోతాయి. పక్క గోడల లోపలే గొట్టాలు దాగిన రకానికి ఆ బాధ తక్కువ, పైగా ఆ గోడలు కాస్త వెచ్చగా ఉండి చెమట పట్టవు.

కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్600ఏ అనే ఐసోబ్యూటేన్ ఉంటుంది. పాత ఆర్134ఏతో పోలిస్తే భూమిని వేడెక్కించే గుణం దీనికి వందల రెట్లు తక్కువ. కాకపోతే మండే వాయువు. ఉండేది కొద్ది గ్రాములే కాబట్టి భయం అక్కర్లేదు, ఆ గొట్టాలకు అతుకులు వేసే మెకానిక్‌కు మాత్రం ఆ విషయం తెలిసి ఉండాలి. ఎర్త్ ఉన్న మూడు కాళ్ల ప్లగ్గు, వోల్టేజి ఊగిసలాడే ఇంట్లో స్టెబిలైజర్ తప్పవు. పెట్టెను సగం ఖాళీగా ఉంచడం కంటే మిగిలిన చోట నీళ్ల సీసాలు నింపడం మేలు. పన్నెండు సీసాలు నిండి ఉంటే కరెంటు పోయిన మొదటి గంటలో లోపల పెరిగేది ఒకటిన్నర డిగ్రీలే.

వెనుక కింద ఉండే నీళ్ల పళ్లెం సంగతి ఎవరూ చెప్పరు. పొడి ఊళ్లలో ఆ నీరు కంప్రెసర్ వేడికి ఎప్పటికప్పుడు ఆవిరైపోతుంది. మాయాబందర్ గాలి అంత త్వరగా దాన్ని తీసుకోదు, నీరు నిలిచిపోతుంది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు ఇంట్లో ఇష్టమైన చోట్లలో ఫ్రిజ్ పళ్లెం ఒకటి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు కాబట్టి, వారానికి ఒకసారి పళ్లెం పారబోసి గట్టిగా రుద్ది కడగాలి.

చివరగా, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే చేయవలసిన పని ఒకటుంది. తలుపు మీది అంకెను నమ్మకుండా, ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటరు ముంచి మధ్య అరలో ఒక రోజంతా ఉంచండి. మర్నాడు మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య, పొయ్యి ఇంకా వేడిగా ఉండగానే తలుపు తీసి అంకె చదవండి. తెల్లవారుజామున చదివితే ఏ పెట్టె అయినా మంచిదిగానే కనబడుతుంది.